పాలు కలిపిన డెబ్బై ఒక్క రోజులు

ఈ దస్త్రమును ఏనాటికైనా తెరవబోవు పెద్దల సముఖమునకు:

తమ పేర్లు నాకు తెలియవు. నాలుగో మెట్టు కార్యాలయం గోడకు తమ పేర్ల పలక ఒకటి ఉన్నది గాని, దానికి నాచు పట్టినది. నాచు గోకుటకు అనుమతి కోరుతూ రెండేళ్ళ క్రితం కార్యాలయంవారు పంపిన వినతి తమ వద్దనే పరిశీలనలో ఉన్నది. కనుక తమను పేర్లతో సంబోధించలేకపోవుటకు కారణం అవిధేయత కాదనీ, నాచు అనీ మనవి.

నేను పేర్రాజు అనువాడను. ఆకు సాక్షిని, మూడో తరగతి. పరిపాలనా శాస్త్రంలో పట్టభద్రుడను. పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం ప్రస్తుతం ఉప్పునీటి అడుగున ఉన్నందున నకలు జతపరచలేకపోతున్నాను. ముంపు తర్వాత కొండవాలున అంచెలుగా కట్టిన ఈ ఊళ్ళో నాలుగో మెట్టులోని పదహారుమంది కాలేయ కాన్సర్ రోగులు రోజుకు మూడు పూటలా పచ్చాకు నీరు (పచ్చి తేయాకు కషాయం) మింగుట కళ్ళారా చూచి, "మింగినది చూచితిని" అని రాసి సంతకం చేయుట నా ఉద్యోగం.

నా దినచర్య పుస్తకంలోనుండి ఇరవై ఏడో ఫైలుకు సంబంధించిన భాగాలను మాత్రమే, ఒక్క అక్షరమూ దిద్దకుండా, ఇక్కడ పొందుపరుస్తున్నాను. దిద్దుకోవలసిన చోట్లు చాలా ఉన్నాయని తెలిసే ఈ పని చేస్తున్నాను. చివర ఒక కోరిక ఉన్నది. అంతవరకు చదివే తీరిక లేనిచో కోరికనుండే మొదలుపెట్టవచ్చును. కార్యాలయంలో అందరూ అలాగే చదువుతారు.

1వ రోజు

బాధ్యతలు స్వీకరించాను. అప్పగించినవి: తోలుసంచి ఒకటి, రిజిస్టరు ఒకటి, కాలేయం పలక ఒకటి, గొడుగు ఒకటి (మూడో మెట్టు సాక్షితో ఉమ్మడిగా).

పలక వాడకం సులభం. రోగి కుడి పక్కటెముకల కింద ఆనించి ఇరవై అంకెలు లెక్కపెడితే లోపలి మచ్చలు పలక మీద చుక్కలై వెలుగుతాయి. పది రోజులకొకసారి వాటిని లెక్కపెట్టి రాయాలి. చుక్కలు పెరగకుండా చూడటం మా శాఖ ఆశయం. తగ్గించడం మా శాఖ పరిధిలోనిది కాదు.

ఇరవై ఏడో ఫైలు: తాయారమ్మ, అరవై రెండేళ్ళు, చుక్కలు మూడు. నీళ్ళు రాకముందు అమలాపురం బస్టాండులో ముప్పై ఏళ్ళు టీకొట్టు నడిపిన మనిషి. కొండ మీదికి వచ్చిన కొత్తలో అందరిలాగే పడవల్లో తెచ్చుకున్న తడి ధాన్యాన్నీ, బూజు పట్టిన వేరుశనగనూ మూడేళ్ళు తిన్నది. అందరిలాగే కాలేయం మీదికి తెచ్చుకున్నది.

ప్రభుత్వ కెటిల్ ఎనభై డిగ్రీల దగ్గర ఆగి గంట కొట్టింది. ఆకు మూడు నిమిషాలు నానింది. కప్పు అందించాను. ఆమె వాసన చూసి, నా ముఖం చూసి, కప్పును కరివేపాకు కుండీలో వంచింది.

"ఏంటండీ ఇది?"

"మందండీ."

"మందైతే సీసాలో పోసి ఇవ్వండి, కళ్ళు మూసుకుని మింగేస్తాను. టీ అని చెప్పి కుడితినీళ్ళు ఇస్తే మాత్రం ఊరుకోను. ముప్పై ఏళ్ళు టీ కాసిన చెయ్యండి ఇది."

నమోదు: కరివేపాకు మొక్క సహకరించినది. రోగి సహకరించలేదు.

4వ రోజు

మొక్క మరింత ఏపుగా ఉన్నది.

తాయారమ్మకు శాస్త్రం వివరించాను. పచ్చాకులో వగరునిచ్చే సారం ఒకటి ఉన్నదనీ, కాలేయంలో ఒకచోట పుట్టిన పుండు పక్కలకు పాకడాన్ని అది నెమ్మదింపజేయవచ్చుననీ ప్రయోగశాలవారు తేల్చారు. వారు "చేయవచ్చును" అన్నారు. కెటిల్ మీద ముద్ర వేయించినవారు చోటు చాలక "చేయును" అని వేయించారు. నేను ముద్రలో ఉన్నట్టే చెప్పాను.

పక్కవాటా రోగి, ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు అబ్బులు, గుమ్మంలోంచి తల పెట్టి అన్నాడు: "తాగెయ్యవే తాయారూ! నువ్వు బస్టాండులో మాకు పోసినదానికంటే ఇదేం ఘోరం కాదులే."

"ఆ ఘోరాన్నే అరువు పెట్టి మరీ తాగేవోడివి, సరంగూ. నోర్ముయ్."

చుక్కలు మూడు. కప్పులు సున్న.

6వ రోజు

ఈ రోజు ఒప్పందం కుదిరినది. ఇది నియమావళిలో లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

"మీరు మా గుమ్మం తొక్కి ఆరు రోజులయ్యింది బాబూ. ఒక్కపూట చుక్క టీ పుచ్చుకోలేదు. నా ఇంట్లో తాగని మనిషి చేతి నీళ్ళు నేనెందుకు తాగాలండీ?"

"సాక్షి రోగి ఇంట్లో ఏదీ పుచ్చుకోకూడదని ఏడో రూలు ఉందండీ."

"ఉంటే ఉండనివ్వండి. నేను టీ ఇచ్చేది రూలుకా, మీకా?"

బల్ల కిందనుంచి రేకు డబ్బా తీసింది. అడుగున పాత టీపొడి; నీళ్ళు వచ్చిన రోజు కొట్లోంచి ఆమె మోసుకు వచ్చిన ఏకైక సామాను అట. సత్తుగిన్నెలో మేకపాలు, దంచిన అల్లం. మూడు పొంగులు రానిచ్చి, గుడ్డలో వడగట్టి, మోచేతి ఎత్తునుంచి గ్లాసులోకి పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు.

నేను తాగాను. ఆమె నా గ్లాసు ఖాళీ అయ్యేవరకు చూసి, ముక్కు పట్టుకుని తన కప్పు ఎత్తింది. ఈ మెట్ల మీది జనానికి ఒక పట్టుదల ఉన్నది: గుమ్మంలోకి వచ్చినవాడు ఏమీ పుచ్చుకోకుండా కూర్చుంటే తమ నోట్లోకి ఏదీ దిగదు. ఆ పట్టుదలను పరిపాలనా శాస్త్రంలో మాకు చెప్పలేదు.

నమోదు: మింగినది చూచితిని. సాక్షి పుచ్చుకున్న టీ పరిశీలనార్థమైనది.

94వ రోజు

పలక: మూడు చుక్కలు. పోయిన పదోరోజూ మూడే. అంతకు ముందూ మూడే. నాలుగో మెట్టులో తొంభై రోజులు అంకె మారని ఫైలు ఇదొక్కటే.

చుక్కలు ఆమెకు చూపించాను. ఇది నియమ విరుద్ధం. ఆమె పలకను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది.

"ఇవేనా బాబూ? ఆవగింజలంత లేవు. వీటికా ఇంత హంగామా?"

"కదలకుండా ఉంటే చాలండి, పిన్నిగారూ."

రోగిని చుట్టరికంతో పిలవరాదు. నోరు జారినది.

"కదలవులెండి. నేను బతికుండగా నా కొట్టు ముందు ఒక్కడూ లైను దాటలేదు," అన్నది.

97వ రోజు

ప్రయోగశాలనుండి, మెట్ల మధ్య తాడు మీద జారే తాడుబండిలో, ఒక కవరు వచ్చినది. పైన "ఆకు సాక్షులకు, అత్యవసరం" అని ఉన్నది. రాక సంఖ్య మాత్రం లేదు. సంఖ్య వేసే యంత్రం మరమ్మతుకు ఆరో మెట్టుకు వెళ్ళినది. రాక సంఖ్య లేని ఉత్తరం రానట్టే లెక్క. రాని ఉత్తరాన్ని తెరవరాదు. పర్యవేక్షకులు కామేశంగారిని అడిగాను.

"అత్యవసరమని మనవాళ్ళు దేనిమీద రాయరు చెప్పు? యంత్రం రానీ, సంఖ్య వేయించి హాయిగా చదువుకుందువుగాని. సంచిలో పెట్టుకో," అన్నారు.

పెట్టుకున్నాను.

98వ రోజు

వాన. తాయారమ్మ ఇంట్లో ముక్కాలిపీట తడిసినది. రిజిస్టరు మీద గ్లాసు పెట్టబోతే ఆమె వారించింది: "మరక పడుద్ది బాబూ, అడుగున ఏదన్నా కాగితం వెయ్యండి." సంచిలోంచి ఆ కవరు తీసి గ్లాసు కింద వేశాను. ప్రభుత్వ రిజిస్టరును కాపాడినందుకు కొంత తృప్తి కలిగినది.

101వ రోజు

రేకు డబ్బా ఖాళీ అయినది. తాయారమ్మ డబ్బాను తలకిందులు చేసి అరచేతిలో తట్టింది. రెండు పలుకులు పడ్డాయి.

ఉదయం కప్పు ముట్టలేదు. మధ్యాహ్నం ముట్టలేదు.

"మీకివ్వటానికేం లేదు బాబూ. మీరు ఊరికే కూర్చుని చూస్తుంటే నేనిది తాగలేను. పశువుకి కుడితి పెట్టి తాగిందా లేదా అని చూసినట్టుంటది."

"నేను గోడవైపు తిరుగుతానండి."

"తిరిగితే మాత్రం? మీరు ఇక్కడున్నట్టు నాకు తెలుసుగా."

అన్నం కూడా సగం వదిలేసినది. నోరు చచ్చిపోయిందన్నది.

103వ రోజు

మూడు రోజులుగా కప్పులు సున్న. చూస్తూ ఊరుకోలేక ఒక గమనిక రాశాను. శీర్షిక: "పచ్చాకు నీటి విషయంలో రోగుల రుచికి అనుగుణంగా స్వల్ప సవరణ ఆవశ్యకత." పదకొండు పేజీలు. రోగి తన ఆకును తన పొయ్యి మీద, తన పద్ధతిలో, పాలు, అల్లం చేర్చి కాచుకొనుటకు అనుమతించవలెనని అందులో వాదించాను. మింగని మందుకన్నా మింగిన మందు మేలని మూడో పేజీలో నిరూపించాను. ఆ పేజీ నాకే మూడుసార్లు చదవాలనిపించినది.

104వ రోజు

సవరణ మంజూరైనది. నాచు గోకడానికి రెండేళ్ళలో రాని అనుమతి దీనికి ఒక్కపూటలో వచ్చినది. కామేశంగారు నా భుజం తట్టి, "ఇన్నాళ్ళకి మన కప్పుల గడి నిండబోతోందయ్యా. అన్ని మెట్లకీ నీ పేరుతోనే పంపిస్తున్నాను," అన్నారు.

పలక: మూడు.

105వ రోజు

తాయారమ్మ మళ్ళీ టీ కాచింది. పచ్చాకునే మేకపాలలో వేసి, రంగు దిగేవరకు మరిగించి, మూడు పొంగులు రానిచ్చి, రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి నాకు. గ్లాసును కవరు మీద పెట్టుకున్నాను.

అబ్బులు వాసన పట్టి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "ఆయ్, ఇది కదండీ టీ! సర్కారుకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది."

"సర్కారుకి కాదు, మా పేర్రాజు బాబుకొచ్చింది," అన్నది తాయారమ్మ.

ఈ వాక్యాన్ని ఎర్రసిరాతో రాసుకున్నాను. నల్లసిరా అయిపోయినందున కాదు.

నమోదు: పదహారుమంది. నలభై ఎనిమిది కప్పులు. అన్నీ మింగినవి చూచితిని.

124వ రోజు

పలక: నాలుగు చుక్కలు. వానాకాలంలో పలకకు చెమ్మ పడితే ఒక చుక్క ఎక్కువ చూపే అవకాశమున్నదని రాశాను. అలాంటి అవకాశముందని ఎవరూ చెప్పలేదు. ఉండకూడదని కూడా ఎవరూ చెప్పలేదు.

144వ రోజు

ఆరు చుక్కలు. కొత్త పలక కావాలని అర్జీ పెట్టాను.

నెలవారీ నివేదికకు రెండు వైపులున్నాయి. ముందువైపు కప్పులు, వెనుకవైపు చుక్కలు. కార్యాలయంలోని చదువు యంత్రం ముందువైపు మాత్రమే చదువుతుంది. ఈ నెల నాలుగో మెట్టుకు ప్రశంసాపత్రం వచ్చినది. తాయారమ్మకు చూపిస్తే, దాన్ని గోడకు పెట్టుకోమని మైదా జిగురు కలిపి ఇచ్చినది.

154వ రోజు

తొమ్మిది. కొత్త పలక వచ్చినది. కొత్త పలక మీదా తొమ్మిదే.

తాయారమ్మ గిన్నె దించేటప్పుడు కుడిపక్క చెయ్యి పెట్టుకున్నది. నేను అడిగాను. "కూర్చుని కూర్చుని పట్టేసింది బాబూ," అన్నది. ఆమె కూర్చోగా నేను ఏనాడూ చూడలేదు.

నివేదికలో రాయలేదు గాని అనుకున్నాను: వ్యాధి స్వభావం. ఇక్కడ రాస్తున్నాను.

175వ రోజు

పలక నిన్న పద్నాలుగు చూపినది.

సంఖ్య వేసే యంత్రం ఈ ఉదయం తాడుబండిలో తిరిగి వచ్చినది. కవరుకు సంఖ్య వేయించి, కార్యాలయం మెట్లమీద నిలబడి తెరిచాను. పైన గ్లాసు పెట్టిన గుండ్రటి మరకలు ఒకదానిమీద ఒకటి పడి గొలుసులా ఉన్నాయి. లోపల అర పేజీ ఉత్తరం. దాని సారాంశం: ఆకును మరిగించరాదు, సారం విరిగిపోవును. పాలు ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. పాలు ఆ సారాన్ని పట్టుకుని ఒంటికి అందనీయవు. కొన్నిచోట్ల రోగులు పాలు కోరుచున్నారని తెలిసి ముందుజాగ్రత్తగా ఈ ఉత్తరం.

తేదీ చూశాను. నా గమనికకు తొమ్మిది రోజుల ముందరిది.

ఉత్తరం అర పేజీ. నా గమనిక పదకొండు పేజీలు.

176వ రోజు

తాయారమ్మ గిన్నె పొయ్యి మీద పెడుతుంటే ఆపాను. ఉత్తరం చదివి వినిపించాను. నా గొంతు అధికారికంగానే ఉన్నదని అనుకుంటున్నాను. అయిపోయాక ఆమె పొయ్యి ఆర్పింది.

"పాలు పోస్తే వగరు చస్తదని నాకు తెలీదా బాబూ?"

నేను ఉత్తరాన్ని మడిచి కవరులో పెట్టాను.

"వగరు చావటానికే కదండీ పాలు పోసేది. టీ కాసే ఎవరినడిగినా చెప్తారు. ఆ వగరే మందని మీరు మొదట్లో చెప్పేరు కదా, అందుకే మొదటిరోజు పాలు పోస్తుంటే చెయ్యి ఆగింది నాకు."

"మరి అడగలేదేమండీ?"

"మీరు చదువుకున్నోరు. కాగితం మీద సంతకం పెట్టి తెచ్చేరు. ముప్పై ఏళ్ళు గిన్నె తోముకున్నదాన్ని, ఆ కాగితానికి నేను ఎదురు చెప్పడం ఏంటి అనుకున్నాను." గిన్నె దించి, "పోనీలెండి, మీకోసం కదా అని కూడా అనుకున్నాను. ఒట్టి గ్లాసు ముందు మిమ్మల్ని కూర్చోబెట్టలేక," అన్నది.



178వ రోజు

ఉత్తరాన్ని కామేశంగారి ముందుంచాను. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, చాలా వేగంగా చర్య తీసుకున్నారు. రుచి సవరణ రద్దయినది. పూర్వపు తేదీనుండి రద్దయినది. అనగా అది ఏనాడూ అమలులో లేనట్టే భావించవలెను.

"నీ ఉద్యోగానికి ఢోకా లేదు, భయపడకు. అసలా కాగితమే లేదిప్పుడు," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

180వ రోజు

తాయారమ్మ ప్రభుత్వ కెటిల్‌ను మొదటిసారి తన వస్తువులా పట్టుకున్నది. మూత తీసి చూసింది. గంట కొట్టకముందే ఆపింది. వేడినీళ్ళతో కప్పు తొలిపింది. ఆకును రెండు నిమిషాలే ఉంచి తీసేసింది, నలిపిన నిమ్మాకు ఒకటి వేసి మూత పెట్టింది. నాకొక కప్పు, తనకొక కప్పు.

వగరు ఉన్నది, కాని నాలుకను కొరకలేదు. చివర కొంచెం తీపి తగిలినది.

"తాగొచ్చా?" అన్నది.

"బాగుందండీ."

"రెండు రోజులు కుస్తీ పట్టేను దీంతో. మొదటే మొండికెయ్యకుండా దీని సంగతి చూసుండాల్సింది నేను. టీ కాదు టీ కాదని ఊరికే తిట్టేను."

ప్రయోగశాలవారిని వాకబు చేశాను. నిమ్మాకుకు అభ్యంతరం లేదట. మిగతా పదిహేనుమందికీ తాయారమ్మే ఈ పద్ధతి నేర్పినది. అబ్బులు మూడు పూటలా తాగుతున్నాడు, తిట్టుకుంటూ.

ఆ రాత పని అయ్యాక నా పాత గమనిక నకలు తీసి చదివాను. పదకొండు పేజీలలో ఎక్కడా "తాయారమ్మను అడిగితిని" అనే వాక్యం లేదు. అడిగి ఉంటే రెండు రోజులు పట్టేది.

194వ రోజు

చుక్కలు లెక్కపెట్టడానికి వీలుగా లేవు. ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. గడిలో "పలక నిండినది" అని రాశాను. అబ్బులు చుక్కలు మాత్రం పాలు మానినప్పటినుంచి ఐదు దగ్గర ఆగినవి.

ఆమె పలక చూపించమనలేదు. పడుకునే కాచే పద్ధతి చెప్పింది, నేను కాచాను. మొదటి కప్పు తిప్పి కొట్టింది. "నీళ్ళు మసిలిపోయేయి. వాసన తెలవట్లేదా?" రెండోది తాగింది.

"పాలు పొయ్యకపోయుంటే నేను బతికేదాన్నా బాబూ?"

పరిపాలనా శాస్త్రం ప్రకారం ఇలాంటి ప్రశ్నకు "పరిశీలనలో ఉన్నది" అని జవాబు చెప్పాలి.

"తెలియదండీ పిన్నిగారూ. మూడు మూడుగానే ఇంకొన్నాళ్ళు ఉండేవేమో. ప్రయోగశాలవాళ్ళు కూడా ఉండొచ్చు అనే అన్నారు."

"ఉండొచ్చు," అన్నది ఆమె, ఆ మాట బరువు చూస్తున్నట్టు. "అదన్నా ఉండేది."

నిజానికి ప్రయోగశాలవారు ఆమెకు ఇచ్చింది అంతవరకే. ఆయుష్షు ఇస్తామనలేదు, ఒక "ఉండొచ్చు" ఇచ్చారు. అందులో డెబ్బై ఒక్క రోజులు నేను తీసుకున్నాను, అల్లం దట్టించి.

203వ రోజు

ఉదయం ఏడు గంటలకు తాయారమ్మ మరణించినది. మొదటి పూట కప్పు అప్పటికి కాచి ఉన్నది. మింగలేదు.

సత్తుగిన్నె అబ్బులు తీసుకువెళ్ళాడు. ఏం చేసుకుంటావంటే, "ఏం చేసుకుంటానండీ? తోమి బోర్లిస్తాను," అన్నాడు.

205వ రోజు

ఫైలు మూసే పత్రం నింపవలసి వచ్చినది. "చుక్కలు పెరుగుటకు కారణం" అనే చోట రెండు గడులు అచ్చువేసి ఉన్నాయి: ఒకటి "దైవ నిర్ణయం", రెండు "రోగి నియమ భంగం". కామేశంగారు తామే రెండో గడిలో టిక్కు పెట్టి, సంతకానికి నాకిచ్చారు.

"నియమ భంగం ఎక్కడ జరిగిందండీ?"

"పాలు కలుపుకుందిగా?"

"కలుపుకోవచ్చని మనమే రాసిచ్చాం కదండీ."

"ఎక్కడ రాసిచ్చాం, చూపించు. సవరణ లేదు. ఏనాడూ లేదు. లేనప్పుడు పాలు పొయ్యడం తప్పే కదా?" గొంతు తగ్గించారు. "చూడు పేర్రాజూ, పోయిన మనిషికి గడితో పనేముంది? బతికినవాడివి నువ్వు."

నియమ భంగం చేసినవారి పేర్లు పది రోజులకొకసారి తాడుబండి స్టేషన్‌లో, ధాన్యం వరుసలో నిలబడ్డ జనమందరి ముందు చదువుతారు. నాలుగు రోజుల్లో చదవబోయే పట్టికలో మొదటి పేరు తాయారమ్మది. ఆ వరుసలో సగంమంది ఒకప్పుడు ఆమె కొట్టు ముందు నిలబడ్డవారే.

నేను సంతకం చేయలేదు. దాదాపు ఏడు నెలల్లో ఈ కార్యాలయంలో నేను చేయని సంతకం ఇదొక్కటే. చేయకూడనిది ముందే ఒకటి చేసి ఉన్నాను.

206వ రోజు

సాక్షులు కోరికలు దాఖలు చేసే రిజిస్టరు ఏదని అడిగాను. అలాంటిది లేదన్నారు. నా సొంత పుస్తకం ఒకటి చించి, కుట్టి, పైన పేరు రాసి ప్రారంభించాను. యంత్రం వద్దకు వెళ్ళి సంఖ్య వేయించాను. ఇక ఇది రానట్టు లెక్క కాదు.

కోరికను ఆ కవరు వెనుకవైపునే రాసి జతపరుస్తున్నాను. దానిమీది గుండ్రటి మరకలను తుడవరాదనీ, అవి సాక్ష్యమనీ మనవి.

సాక్షుల కోరికల రిజిస్టరు, నాలుగో మెట్టు
కోరిక సంఖ్య 1

105వ రోజు మొదలు 175వ రోజు వరకు, డెబ్బై ఒక్క రోజులు, రుచి సవరణ అమలులో ఉండెననియు, దానిని రాసినవాడు పేర్రాజు అను సాక్షి అనియు, అందుకు విరుద్ధమైన ఉత్తరం అంతకుముందే అతని గ్లాసు కింద ఉండెననియు తిరిగి నమోదు చేయవలెను. ఫైలు మూసే పత్రంలో "సాక్షి సంతకం" అని మూడో గడి అచ్చు వేయించి, ఇరవై ఏడో ఫైలుకు అందులో టిక్కు పెట్టవలెను. పట్టికలో తాయారమ్మ పేరు ఉన్నచోట నా పేరు చదవవలెను. ఆ వరుసలో నేను నిలబడి ఉంటాను.

ఆమె ఏ నియమమూ తప్పలేదు. ఇవ్వబడిన ప్రతి కప్పును, ఇవ్వబడిన విధముగానే మింగినది.

నేను చూచితిని.